టీటీ నుంచి బీసీజీ దాకా: పెద్దల టీకాలను ఏమని ప్రశ్నించాలి?

కాలికి మేకు గుచ్చుకున్నా, బైకు మీంచి పడి మోచెయ్యి గీరుకుపోయినా మన ఊళ్లలో మొదట జరిగే పని టీటీ ఇంజక్షన్ వేయించుకోవడం. ఆరెంపీ దగ్గరైనా, ప్రభుత్వాసుపత్రిలోనైనా "కిందటిసారి ఎప్పుడు వేయించుకున్నారు?" అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా చెప్పగలిగేవాళ్లు ఇంకా తక్కువ. చిన్నప్పటి టీకా కార్డు దాచుకున్న పెద్దవాళ్లు ఎక్కడో ఒకరు. దాంతో, ఎందుకైనా మంచిదని వేసేయడమే పద్ధతి అయిపోయింది. కొందరికి ఏడాదిలో రెండుసార్లు కూడా పడుతుంది. మరికొందరికి, ముఖ్యంగా 1978లో దేశంలో టీకాల కార్యక్రమం మొదలవకముందు పుట్టినవాళ్లకు, మొదటి మూడు డోసుల కోర్సే ఎప్పుడూ పూర్తయి ఉండకపోవచ్చు.

వైద్య మార్గదర్శకాలు చెప్పేది వేరు. కోర్సు పూర్తయినవారికి శుభ్రంగా ఉన్న చిన్న గాయమైతే, చివరి డోసు పడి పదేళ్లు దాటితేనే ఇంకొకటి వేయాలి. మట్టి, పేడ అంటిన గాయమో లోతుగా దిగిన గాయమో అయితే ఆ గడువు ఐదేళ్లు. అసలు కోర్సే లేనివారికి అలాంటి గాయమైతే టీకా ఒక్కటే చాలదు. టీకా పడ్డాక శరీరం యాంటీబాడీలు తయారుచేసుకోవడానికి రోజులు పడుతుంది. ఈలోపే ధనుర్వాతం క్రిమి విడుదల చేసే విషం పని మొదలుపెట్టొచ్చు. అందుకని వాళ్లకు తయారుగా ఉన్న యాంటీబాడీలు, అంటే టెటనస్ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇచ్చి, తర్వాత మిగతా డోసులు పూర్తి చేయించాలి. మన దగ్గర జరుగుతున్నది దీనికి తలకిందులు. అవసరం లేనివాళ్లకు మళ్లీ మళ్లీ పడుతోంది. అవసరం ఉన్నవాళ్లు ఒక్క సూదితో ఇంటికి వెళ్లిపోతున్నారు.

పదేళ్లకోసారి బూస్టర్ అనే లెక్క కూడా అన్ని దేశాల్లో ఒకేలా లేదు. అమెరికాలో పెద్దలందరికీ పదేళ్లకోసారి వేయించుకోమంటారు. బ్రిటన్‌లో జీవితంలో ఐదు డోసులు పూర్తయితే మామూలుగా ఇంక అక్కర్లేదంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఆరు డోసుల లెక్క చెప్పింది. క్రిమి అదే, టీకా దాదాపు అదే, మనుషులూ మనుషులే. మరి తేడా ఎక్కడిది?

ఈ ప్రశ్నను గట్టిగా అడిగినవాళ్లు అమెరికాలోని ఓరెగాన్‌కు చెందిన రోగనిరోధక శాస్త్రవేత్తలు. 2016లో వాళ్లు 546 మంది పెద్దల రక్తాన్ని పరీక్షించి, ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా) నుంచి రక్షణ కనీసం ముప్పై ఏళ్లు నిలుస్తోందని లెక్కగట్టారు. 2020లో ఉత్తర అమెరికా, ఐరోపాల్లోని 31 దేశాల రికార్డులను పోల్చారు. పెద్దలకు బూస్టర్లు వేసే దేశాలకూ వేయని దేశాలకూ ఆ జబ్బుల సంఖ్యలో తేడా కనిపించలేదు. వీళ్లు టీకాలను వ్యతిరేకించేవాళ్లు కారు. పిల్లల కోర్సు తప్పనిసరిగా పూర్తి చేయాలని అదే పరిశోధనలో నొక్కి చెప్పినవాళ్లు. టీకా అంత బాగా పనిచేస్తోంది కాబట్టే మళ్లీ మళ్లీ వేయక్కర్లేదన్నది వాళ్ల వాదన. అయినా అమెరికా తన సిఫార్సు మార్చుకోలేదు. ఈ ఫలితాన్ని నేరుగా మనకు అన్వయించుకోవడమూ కుదరదు. ఆ 31 దేశాల్లో పెద్దల్లో ఎక్కువమంది చిన్నప్పుడే పూర్తి కోర్సు వేయించుకున్నారు. మన అరవై ఏళ్ల రైతు గురించి, కూలి పనికి వెళ్లే ఆమె గురించి ఆ మాట ధైర్యంగా చెప్పలేం.

కాబట్టి టీకా సిఫార్సు చూసేటప్పుడు రెండు సంగతులు విడదీసుకోవాలి. టీకా ఎంత పనిచేస్తుందన్నది ఒకటి, అది ప్రయోగాలు తేల్చే విషయం. ఎవరికి, ఏ వయసులో, ఎవరి ఖర్చుతో వేయాలన్నది రెండోది. దీన్ని ఒక కమిటీ నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయంలో జబ్బు తీవ్రత, టీకా ధర, అక్కడి ఆసుపత్రుల ఏర్పాట్లు అన్నీ కలిసి ఉంటాయి. అమెరికాలో 1964 నుంచి ఏసీఐపీ అనే సలహా సంఘం ఈ పని చేస్తోంది. బ్రిటన్‌లో జేసీవీఐ చేస్తుంది, అక్కడ పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితం ఉందా అన్న లెక్క చాలా ముఖ్యం. మన దేశంలో 2001 నుంచి ఎన్‌టాగీ అనే సాంకేతిక సలహా బృందం ఉంది కానీ, దాని దృష్టంతా ప్రధానంగా పిల్లల మీదే. ప్రభుత్వ కార్యక్రమంలో పెద్దలకు క్రమం తప్పకుండా అందే టీకా గర్భిణులకిచ్చే టీడీ, అంటే ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికీ కలిపి వేసే టీకా. కొన్ని రాష్ట్రాల్లో మెదడువాపు వ్యాధి ఎక్కువగా ఉన్న జిల్లాల్లో పెద్దలకు దాని టీకా ఇచ్చారు. కోవిడ్ కాలం సంగతి అందరికీ తెలిసిందే. అంతకుమించి పెద్దలకు ఏది అవసరమో చెప్పేది వైద్యుల సంఘాలు, కార్పొరేట్ ఆసుపత్రుల ప్యాకేజీలు, టీవీ ప్రకటనలు. అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. టీకా అమ్మేవాళ్ల నోటి నుంచే సలహా కూడా వస్తే, వినేవాడికి అనుమానం రావడం సహజం.

అక్కి టీకా సంగతి తీసుకుందాం. ఆటలమ్మ వచ్చి తగ్గినవాళ్ల నరాల మూలాల్లో ఆ వైరస్ నిద్రపోతూ ఉంటుంది. వయసు పైబడ్డాకో, ఒంట్లో నిరోధక శక్తి తగ్గినప్పుడో లేచి నడుము చుట్టూ, ఛాతీ మీద, కంటి దగ్గర పొక్కులు తెస్తుంది. ఊళ్లలో ఎర్రమన్ను పూయించుకుంటారు. పొక్కులు కొన్ని వారాల్లో మానిపోతాయి కానీ, కొందరికి ఆ తర్వాత నెలల తరబడి నిప్పు పెట్టినట్టు నరాల నొప్పి మిగిలిపోతుంది. చీర కొంగు తగిలినా భరించలేని నొప్పి అది. చిన్న జబ్బని కొట్టిపారేయడానికి లేదు.

దీనికి మొదటి టీకా జోస్టావ్యాక్స్‌కు 2006లో అమెరికా అనుమతి ఇచ్చింది. అరవై దాటినవాళ్లందరూ వేయించుకోవాలని 2008లో సిఫార్సు వచ్చింది. ప్రయోగంలో అది అక్కిని సగానికి తగ్గించింది, అంటే 51 శాతం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రక్షణ బాగా పడిపోతోందని తర్వాత బయటపడింది. 2017లో షింగ్రిక్స్ అనే కొత్త టీకా రావడంతో పాతది వెనకపడి, 2020 చివరికి అమెరికా మార్కెట్ నుంచే పోయింది. 2010లో "ఇది ఎన్నాళ్లు పనిచేస్తుంది?" అని ఏ పెద్దాయనైనా అడిగి ఉంటే ఆ ప్రశ్న సరైనదేనని కాలం చెప్పింది.

షింగ్రిక్స్ ప్రకటనల్లో కనిపించే అంకె 97 శాతం. అబద్ధం కాదు, కానీ దాని వెనకున్న అంకెలు చూడాలి. యాభై దాటినవాళ్ల మీద జరిగిన ప్రయోగంలో ఒక్కో గుంపులో దాదాపు 7,400 మంది. సగటున మూడేళ్లకు పైగా గమనించారు. ఉత్తుత్తి సూది పడ్డ గుంపులో 210 మందికి అక్కి వచ్చింది. టీకా పడ్డ గుంపులో ఆరుగురికి. అంటే టీకా వేయించుకోనివాళ్లలో కూడా ఆ మూడేళ్లలో నూటికి 97 మందికి అక్కి రాలేదు. లెక్క వేస్తే, మూడేళ్లలో ఒక్కరికి అక్కి రాకుండా ఆపాలంటే దాదాపు 36 మందికి టీకా వేయాలి. మన దేశంలో 2023లో విడుదలైన ఈ టీకా ఒక్కో డోసు ధర పది వేల పైమాటే, రెండు డోసులు కావాలి. ఆ చొప్పున ఒక్క కేసును ఆపే ఖర్చు ఏడు లక్షలు దాటుతుంది. రక్షణ పదేళ్ల తర్వాత కూడా 80 శాతం దరిదాపుల్లో ఉందని తర్వాతి అధ్యయనం చూపింది కాబట్టి, దీర్ఘకాలం మీద ఆ ఖర్చు మూడో వంతుకు దిగొచ్చు. దుష్ప్రభావాల లెక్కా ఉంది. టీకా వేయించుకున్నవారిలో 17 శాతం మందికి రోజువారీ పనులు ఆగిపోయేంత నొప్పి, జ్వరం, నీరసం లాంటివి ఒకటి రెండు రోజులు వచ్చాయి. అరవై ఐదు దాటినవారిలో పది లక్షల డోసులకు సుమారు మూడు చొప్పున గిలియన్-బారే అనే నరాల జబ్బు అదనంగా రావొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరిక చేర్చింది.

ఈ అంకెలన్నీ ముందు పెట్టుకుని బ్రిటన్ ఏం చేసిందో చూస్తే ఆలోచన కలుగుతుంది. అమెరికాలో యాభై దాటితే అందరికీ అన్నారు. బ్రిటన్ 2023 సెప్టెంబర్ నుంచి కొత్తగా 65 నిండినవారికి, డెబ్బైల్లో ఉన్నవారికి, నిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవారికైతే యాభై నుంచే అని నిర్ణయించింది. ప్రయోగం అదే, ఖర్చు భరించే ఖజానా వేరు. ఆ ప్రయోగం జరిగిన 18 దేశాల్లో మన దేశం లేదు. మరి విజయవాడలో యాభై రెండేళ్ల ఆరోగ్యవంతుడికి, కిడ్నీ మార్పిడి చేయించుకుని మందులు వాడుతున్న అదే వయసు మనిషికి ఒకే ప్రకటన ఎలా వర్తిస్తుంది? మొదటి ఆయన ఆగి ఆలోచించుకోవచ్చు. రెండో ఆయన తన డాక్టరును వెంటనే అడగాలి.

ఫ్లూ టీకా విషయంలో ప్రశ్న ఇంకా లోతుకు వెళ్లింది. అమెరికాలో అరవై ఐదు దాటినవారిలో ఈ టీకా వేయించుకునేవాళ్లు 1980కి ముందు చాలా కొద్దిమంది. 2001 నాటికి 65 శాతానికి పెరిగారు. టీకా వేయించుకున్న వృద్ధుల్లో చలికాలపు మరణాలు సగం తగ్గుతున్నాయని అధ్యయనాల మీద అధ్యయనాలు వచ్చాయి. 2005లో లోన్ సైమన్‌సెన్ అనే శాస్త్రవేత్త బృందం ఒక మామూలు ప్రశ్న వేసింది. చలికాలంలో చనిపోయే వృద్ధుల్లో ఫ్లూ వల్ల పోయేది ఏ ఏడాదీ పది శాతం దాటలేదు కదా, మరి ఫ్లూ టీకా మొత్తం మరణాలను సగం ఎలా తగ్గించగలదు? పైగా ఇన్నేళ్లుగా టీకా వేయించుకునేవాళ్లు ఇంతగా పెరిగినా మరణాల రేటు ఆ మేరకు ఎందుకు దిగలేదు?

జవాబు మరుసటి ఏడాది సియాటెల్ నుంచి వచ్చింది. అక్కడి పరిశోధకులు డెబ్బై రెండు వేల మందికి పైగా వృద్ధుల రికార్డులు తీసి, ఫ్లూ సీజన్ ఇంకా మొదలవని నెలల్లో ఏం జరిగిందో చూశారు. ఫ్లూయే లేని ఆ నెలల్లో కూడా టీకా వేయించుకున్నవాళ్లలో మరణాలు 61 శాతం తక్కువ. ఫ్లూ లేనప్పుడు ఫ్లూ టీకా ప్రాణం కాపాడదు. అసలు కారణం వేరు. మంచం పట్టినవాళ్లు, చివరి దశలో ఉన్నవాళ్లు టీకా కోసం బయలుదేరి వెళ్లరు. వెళ్లేవాళ్లు ముందే కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. ఆ తేడానే టీకా ఖాతాలో రాసేశారు. ఏళ్లపాటు ప్రచారంలో వాడిన అంకె అలా కూలిపోయింది.

కూలింది ఆ అంకె మాత్రమే, టీకా కాదు. 2018లో, వైద్య ప్రయోగాల ఫలితాలన్నిటినీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ సమీక్ష యాదృచ్ఛికంగా గుంపులు చేసి జరిపిన ప్రయోగాలను మాత్రమే తీసుకుని చూసింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దల్లో 71 మందికి వేస్తే ఒక ఫ్లూ కేసు ఆగుతుందనీ, వృద్ధుల్లో 30 మందికి ఒకటనీ తేల్చింది. గొప్ప ఫలితం కాదు, తీసిపారేసేదీ కాదు. గుండె జబ్బువారి విషయంలో మాత్రం లెక్క బలంగా ఉంది. గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన 2,571 మందితో బంగ్లాదేశ్ సహా ఎనిమిది దేశాల్లో జరిగిన ప్రయోగం 2021లో ముగిసింది. ఏడాదిలోపు ఉప్పునీటి సూది పడ్డవారిలో 4.9 శాతం మంది చనిపోగా, ఫ్లూ టీకా పడ్డవారిలో 2.9 శాతం మందే చనిపోయారు. ఇక్కడ ఎవరికి టీకా వేయాలో చీటీ తీసినట్టు నిర్ణయించారు కాబట్టి, ఆరోగ్యవంతులే ముందుకొచ్చారన్న అనుమానానికి చోటు లేదు. గట్టిగా ప్రశ్నించినందువల్లే, ఈ టీకా నిజంగా ఎవరికి ఎక్కువ అవసరమో తేలింది. స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చిన నాన్నకు మన దగ్గర ఎంతమంది దీని గురించి చెబుతున్నారు? మన దేశంలో చాలాచోట్ల ఫ్లూ ఉధృతి జులై నుంచి సెప్టెంబర్ దాకా. అమెరికా క్యాలెండర్ చూసి అక్టోబర్‌లో వేయించుకుంటే అప్పటికే సీజన్ అయిపోతుంది. వానలకు ముందే వేయించుకోవాలి.

సిఫార్సు చేసినవాళ్లే దాన్ని వెనక్కి తీసుకున్న సందర్భమూ ఉంది. నెదర్లాండ్స్‌లో 84 వేల మందికి పైగా వృద్ధులతో జరిగిన ప్రయోగం చూసి, 65 దాటినవారందరికీ పీసీవీ13 అనే న్యుమోనియా టీకా ఇవ్వాలని 2014లో ఏసీఐపీ చెప్పింది. నాలుగేళ్ల తర్వాత మళ్లీ పరిశీలిస్తామని అప్పుడే ప్రకటించింది. ఈలోపు చిన్నపిల్లలందరికీ అదే టీకా పడటంతో వాళ్ల నుంచి తాతలకు, అమ్మమ్మలకు ఆ క్రిమి సోకడం బాగా తగ్గిపోయింది. వృద్ధులకు విడిగా వేయడం వల్ల వచ్చే అదనపు లాభం చిన్నదైపోయింది. 2019లో అందరికీ అన్న మాట తీసేసి, డాక్టరూ రోగీ మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చన్నారు. తర్వాత మరిన్ని రకాల క్రిములను కవర్ చేసే టీకాలు రావడంతో సిఫార్సు మళ్లీ మారింది, 2024లో వయసు యాభైకి దిగింది. ఇలా మారడం చూసి "వీళ్లకే ఏమీ తెలీదు" అనేవాళ్లున్నారు. పరిస్థితి మారితే మాట మార్చుకునే కమిటీనే నమ్మొచ్చు. మన దేశమంతటా పిల్లలకు పీసీవీ 2021 నుంచి అందుతోంది. దానివల్ల మన వృద్ధుల్లో న్యుమోనియా ఎంత తగ్గిందో కొలిచి చెప్పాల్సిన సమయం ఇదే.

అమెరికా వెళ్లిన తెలుగువాళ్లకు ఈ సిఫార్సులు వేరే రూపంలో ఎదురవుతాయి. అక్కడ ఏసీఐపీ సిఫార్సు చేసిన టీకాలను గ్రీన్ కార్డుకు తప్పనిసరి చేస్తూ 1996లో చట్టం వచ్చింది. దాని ప్రకారం 2008లో గర్భాశయ ముఖ క్యాన్సర్ నివారణకిచ్చే హెచ్‌పీవీ టీకా, అక్కి టీకా కూడా జాబితాలో చేరిపోయాయి. అమెరికా పౌరురాలికి ఇష్టమైతే వేయించుకునే టీకా, వలస వచ్చిన అమ్మాయికి వందల డాలర్లు పెట్టి తప్పనిసరిగా వేయించుకోవాల్సినది అయింది. మహిళా సంఘాలు, వలసదారుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఒకరి నుంచి ఒకరికి వేగంగా వ్యాపించి ఉపద్రవం తేగలిగే జబ్బులకో, ఆ దేశంలో నిర్మూలించిన, నిర్మూలిస్తున్న జబ్బులకో మాత్రమే నిర్బంధం ఉండాలని 2009 డిసెంబర్‌లో నిబంధన మార్చి, ఆ రెండింటినీ తీసేశారు. సిఫార్సు వేరు, నిర్బంధం వేరు అన్న తేడా ఒక దేశపు నిబంధనల్లోకి ఎక్కిన ఘట్టం ఇది.

ఆ తేడా మరిచిపోతే ఏమవుతుందో మన ఖమ్మం జిల్లా చూసింది. 2009లో అక్కడ పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఒక అధ్యయనంలో భాగంగా హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోయినట్టు వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. కానీ చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సమ్మతి పత్రాల మీద సంతకం పెట్టారని తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకాలో లోపం లేకపోయినా అడిగే తీరులో లోపం ఉంటే నమ్మకం పోతుంది, దాని ఫలితం తర్వాతి టీకా మీద కూడా పడుతుంది.

ప్రశ్నించడం పేరుతో జరిగేదంతా ప్రశ్నించడం కాదు. 2025 జూన్‌లో అమెరికా ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్. కెనెడీ జూనియర్ ఏసీఐపీలో ఉన్న 17 మంది సభ్యులనూ ఒక్కసారిగా తొలగించి తనకు నచ్చినవారిని పెట్టుకున్నారు. నమ్మకం తిరిగి తేవడానికే అన్నారు. ఓరెగాన్ శాస్త్రవేత్తలు, సైమన్‌సెన్ బృందం చేసినదానికీ దీనికీ పోలికే లేదు. వాళ్లు లెక్కలు బయటపెట్టి, తప్పుంటే చూపమన్నారు. ఇక్కడ లెక్కలు చూసేవాళ్లనే పంపేశారు. ఏ జవాబు వస్తే తన అనుమానం తీరుతుందో ముందే చెప్పగలిగినవాడిదే నిజమైన ప్రశ్న. ఏ జవాబుకీ తీరని అనుమానాన్ని ప్రశ్న అనలేం.

ఆలోచిస్తూ కూర్చోకూడని సందర్భాలూ ఉన్నాయి. కుక్క కరిస్తే రేబిస్ టీకా ఆ రోజే మొదలుపెట్టాలి. జబ్బు లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ప్లీహం తీసేసినవారికి న్యుమోకాకల్ టీకా, డయాలసిస్ మీద ఉన్నవారికి, ఆసుపత్రి సిబ్బందికి హెపటైటిస్-బి టీకా, గర్భిణికి టీడీ విషయంలో లాభం ఎంతో స్పష్టం. ఆరోగ్యవంతుల అక్కి టీకా మీద ఉండే సందేహాన్ని వీటి మీదికి లాక్కొస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

ఇప్పుడు మన దేశంలోనే అడగాల్సిన పెద్ద ప్రశ్న బీసీజీ గురించి. 2024లో పలు రాష్ట్రాల్లోని ఎంపిక చేసిన జిల్లాల్లో పద్దెనిమిది దాటిన కొన్ని వర్గాలవారికి క్షయ రాకుండా బీసీజీ వేయడం మొదలుపెట్టారు. అరవై దాటినవారు, షుగర్ ఉన్నవారు, పొగతాగేవారు, బక్కచిక్కినవారు, గతంలో క్షయ వచ్చి తగ్గినవారు, రోగితో కలిసి ఉన్నవారు ఆ వర్గాల్లో ఉన్నారు. పిల్లల్లో క్షయ మెదడుకు పాకకుండా బీసీజీ కాపాడుతుందన్నది స్థిరపడిన విషయం. పెద్దల ఊపిరితిత్తుల క్షయ సంగతి వేరు. తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతంలో 1968లో మొదలై రెండున్నర లక్షల మందికి పైగా పాల్గొన్న ప్రయోగం, పదిహేనేళ్లు గమనించాక, పెద్దల్లో రక్షణ ఏమీ లేదని తేల్చింది. 2018లో దక్షిణాఫ్రికా టీనేజర్లలో రెండోసారి బీసీజీ వేస్తే క్షయ క్రిమి ఒంట్లో స్థిరపడటం 45 శాతం తగ్గినట్టు కనిపించి కొత్త ఆశ పుట్టింది. 2025లో వెలువడిన పెద్ద ప్రయోగంలో ఆ ఫలితం నిలబడలేదు.

ప్రపంచంలో క్షయ రోగులు అందరికంటే ఎక్కువ ఉన్న దేశం మనది. కాబట్టి చవకైన పాత టీకాను మళ్లీ పరీక్షించి చూడటం తప్పు కాదు, అవసరం కూడా. టీకా పడ్డ జిల్లాలను పడని జిల్లాలతో పోల్చి చూడాలన్నది ఈ అధ్యయనం ఉద్దేశం. ఫ్లూ టీకా విషయంలో సియాటెల్ పరిశోధకులు బయటపెట్టిన పొరపాటు ఇక్కడ జరగడానికి అవకాశం ఎక్కువ, ఎందుకంటే స్వచ్ఛందంగా ముందుకొచ్చి చెయ్యి చాపేవాళ్లు ముందే కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కావొచ్చు. ఆ తేడాను ఎలా సరిచేశారో, ఎంతమందికి క్షయ వచ్చిందో, దుష్ప్రభావాలు ఎన్నో జిల్లాల వారీగా ప్రచురించాలి. ఫలితం సున్నా అయినా సరే ప్రచురించాలి. చెయ్యి చాపి టీకా వేయించుకున్న షుగర్ రోగికి, బీడీ కార్మికుడికి ఆ ఫలితం వాళ్ల భాషలో అందాలి.